వానాకాలం కొట్టం – పొడి పరుపు

పదమూడవ శతాబ్దం చివర వెనిస్ నగరపు వర్తకుడు మార్కో పోలో మన కోరమాండల్ తీరానికి వచ్చాడు. మోటుపల్లి రేవును గురించి రాశాడు. దానికి దక్షిణాన పాండ్య రాజులను గురించీ రాశాడు. ఆ రాజులు అరబ్బు, పారశీక దేశాల నుంచి ఏటా వేలకొద్దీ గుర్రాలను కొనేవారట. ఏడాది తిరిగేసరికి వాటిలో బతికి ఉండేవి కొద్ది మాత్రమేనట. గుర్రాలను సాకడం తెలిసినవారు లేకపోవడమే ఇందుకు కారణమని ఆయన అభిప్రాయపడ్డాడు.

ఆ గుర్రాలన్నీ ఏ కారణాన చచ్చాయో ఇప్పుడు మనం పరీక్షించలేము. కాని ఒక సంగతి ఆలోచించదగినది. పొడి దేశంలో పుట్టిన జంతువును తడి దేశానికి తెస్తే దాని తిండి ఒక్కటే మారదు. దాని కాలి కింది నేల కూడా మారుతుంది. జంతువు రోజుకు కొన్ని గంటలు మేస్తుంది, కొన్ని గంటలు పని చేస్తుంది. నేలమీద మాత్రం ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. ఆ నేలను పొడిగా ఉంచడం వెనుక ఎంత భౌతిక శాస్త్రం, ఎంత రసాయన శాస్త్రం ఉన్నదో ఈ వ్యాసంలో చూద్దాం.

మూడు నెలల వాన

రాష్ట్రంలో చాలా జిల్లాలకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి ఋతుపవనమే ముఖ్యం. నెల్లూరు తీరం తీరు వేరు. ఇక్కడ ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. తుఫానులు కూడా ఎక్కువగా ఈ నెలల్లోనే వస్తాయి. 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద, 2023 డిసెంబరు నాటి మిగ్‌జాం తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఈ మూడు నెలలూ గొడ్లు బయట తిరగలేవు. కొట్టంలోనే కట్టివేయాలి. అంటే ఎండాకాలంలో పొలంలో పడే పేడ, మూత్రం అంతా ఇప్పుడు ఒకే చోట పడుతుంది. పైన చినుకు, పక్కన జల్లు, కింద ఊట. గాలిలో తేమ ఎక్కువ గనుక తడిసినది ఆరదు. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ దేశానికి వెళ్ళి మన నెల్లూరు పేరుతోనే "నెలోర్" జాతిగా ప్రసిద్ధికెక్కాయి. అంత పేరు గల జంతువైనా బురదలో నెలల తరబడి నిలబడితే కుంటక తప్పదు.

తడి ఎక్కడి నుంచి వస్తుంది?

వాన సంగతి అలా ఉంచి, జంతువే ఎంత తడి చేస్తుందో లెక్క వేద్దాం. పెద్ద ఆవు గాని, ఎద్దు గాని రోజుకు సుమారు 10 లీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువ మూత్రం పోస్తుంది. గుర్రం సుమారు 5 నుంచి 10 లీటర్లు. ఇది తాగే నీటిని బట్టి, తినే తిండిని బట్టి మారుతుంది.

ఒక ఎద్దు పోసే 10 లీటర్లలో సగం రాత్రిపూట కొట్టంలో పడిందనుకుందాం. అంటే 5 కిలోల నీరు. ఎండు వరిగడ్డి తన బరువుకు సుమారు రెండింతల నీటిని పట్టుకుంటుంది. ఆ లెక్కన రెండున్నర కిలోల గడ్డి చాలుననిపిస్తుంది. కాని అలా నిండా నానిన గడ్డి మీద పడుకోవడమంటే తడి గోనె మీద పడుకోవడమే. పరుపు పొడిగా ఉండాలంటే అది తాను పట్టగలిగిన నీటిలో సగమే పట్టాలి. కనుక 5 కిలోల గడ్డి కావాలి.

ఇక్కడే చిక్కు ఉన్నది. ఆ ఎద్దు రోజంతా తినే ఎండుగడ్డి కూడా దాదాపు 5, 6 కిలోలే! వాము తరిగిపోయే రోజుల్లో తినే గడ్డిని పరుపుగా పరిచే రైతు ఎవరు? అందుచేత రెండు ఉపాయాలు వెదకాలి. ఒకటి, తడిని పీల్చుకోకముందే పారిపోయేట్లు చేయడం. రెండు, పశువు తినని వస్తువులను పరుపుగా వాడడం.

ముక్కుపుటాలు అదరగొట్టే వాయువు

తెల్లవారుజామున మూసిన కొట్టం తలుపు తీస్తే కళ్ళు మండుతాయి. ఆ ఘాటు మూత్రానిది కాదు. తాజా మూత్రానికి అంత ఘాటు ఉండదు. అది అమ్మోనియా వాయువు.

మూత్రంలో యూరియా ఉంటుంది. పేడలోను, మట్టిలోను ఉండే సూక్ష్మజీవులు "యూరియేజ్" అనే ఎంజైమును తయారుచేస్తాయి. ఈ ఎంజైము తగిలితే యూరియా నీటితో చర్య జరిపి అమ్మోనియాగాను, కార్బన్ డయాక్సైడుగాను విడిపోతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ 1926లో ఈ యూరియేజ్‌నే స్ఫటికాల రూపంలో వేరుచేశాడు. మన తమ్మకాయకు దగ్గర చుట్టమైన జాక్‌బీన్ గింజల నుంచి దాన్ని తీశాడు. స్ఫటికాలుగా దొరికిన మొట్టమొదటి ఎంజైము అదే. దానివల్ల ఎంజైములు ప్రోటీన్లని తేలింది. 1946లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

ఒక్కమాట గుర్తుంచుకోండి. యూరియా మూత్రంలో ఉన్నది. యూరియేజ్ పేడలో ఉన్నది. రెండూ కలిసినప్పుడే అమ్మోనియా. పేడను వెంటనే తీసివేసి, మూత్రాన్ని వెంటనే పారనిస్తే ఈ కలయికే తగ్గుతుంది. మన పెద్దలు పొద్దున్నే మొదట కొట్టం పేడ ఎత్తడంలో ఈ మేలు కూడా ఉన్నది.

అమ్మోనియా గాలికన్నా తేలిక. మరి అది పైకి పోదా? పోతుంది. కాని పుట్టేది నేలమీద. గాలి ఆడని కొట్టంలో అది పుట్టిన చోటనే ఎక్కువగా ఉంటుంది. పడుకున్న ఎద్దు ముక్కు ఉండేదీ అక్కడే. నిలబడిన మనిషికి "ఫరవాలేదు" అనిపించే కొట్టంలో పడుకున్న దూడ దగ్గవచ్చు. మీ ప్రయోగశాలలో అమ్మోనియా ఫౌంటెన్ ప్రయోగం చూసే ఉంటారు. ఆ వాయువు నీటిలో ఎంత ఆత్రంగా కరుగుతుందో ఆ ప్రయోగం చెబుతుంది. కంటిలోను, ముక్కులోను, ఊపిరితిత్తులలోను ఉన్న తడిలో కూడా అది అంత ఆత్రంగానే కరుగుతుంది. అందుకే మంట, దగ్గు.

గిట్టకేమవుతుంది?

గిట్ట అంటే పెద్ద గోరే. మన గోరులాగే కెరటిన్ అనే ప్రోటీనుతో తయారైనది. గంటసేపు బట్టలుతికిన తరువాత గోరు మెత్తబడి వంగుతుంది గదా! రోజుల తరబడి తడిలో ఉన్న గిట్ట కూడా అంతే. ఆవు, ఎద్దులకు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. ఆ చీలిక మధ్యనున్న చర్మం నాని, పగిలి, సూక్ష్మజీవులకు దారి ఇస్తుంది. వాపు, కుంటు, దుర్వాసన కనిపిస్తాయి.

గుర్రానికి గిట్ట ఒక్కటే. దాని అడుగున మధ్యలో ముక్కోణాకారంలో మెత్తని భాగం ఉంటుంది. దాని పక్కనున్న గాళ్ళలో పేడ, తడి ఇరుక్కుంటే నల్లగా కుళ్ళి కంపుకొడుతుంది. అందుకే గుర్రాన్ని సాకేవారు రోజూ కాలెత్తి గిట్ట అడుగు గీకి శుభ్రం చేస్తారు. ఎంత మంచి లాడం కొట్టినా తడి పరుపు దాన్ని వ్యర్థం చేస్తుంది.

పాలిచ్చే ఆవుకు మరొక ప్రమాదం ఉన్నది. పాలు పితికిన తరువాత చనుమొన రంధ్రం మూసుకోవడానికి అరగంట, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ లోగా ఆవు తడి పరుపు మీద పడుకుంటే సూక్ష్మజీవులు లోనికి పోయి పొదుగువాపు వస్తుంది. పితకగానే మేత వేస్తే ఆవు నిలబడి తింటుంది. ఇంత చిన్న పనితో పొదుగును కాపాడవచ్చు.

తడిసిన జంతువుకు చలి ఎందుకు?

మన తీరంలో మంచు పడదు. ఐనా వానలో తడిసిన గొడ్డు వణుకుతుంది. ఒక లీటరు నీరు చర్మం మీది నుంచి ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. దాదాపు ఆరు లీటర్ల మంచునీటిని మరిగే దాకా కాయగల వేడి అది! అందులో చాలా భాగం జంతువు దేహం నుంచే పోతుంది. అందుచేత తడిసి వచ్చిన గుర్రాన్ని గాని, ఎద్దును గాని ముందు గోనెతోనో, గడ్డి పిడికిలితోనో రుద్ది ఆరబెట్టాలి.

ఇక పరుపు సంగతి. పొడి గడ్డిలో గాలి చిక్కుకొని ఉంటుంది. కదలని గాలి వేడిని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. పరుపులో గాలి ఉన్నచోట నీరు చేరితే, దుప్పటిగా ఉండవలసినది వేడిని లాగేసే గొట్టంగా మారుతుంది. ఆవు రోజులో పది, పన్నెండు గంటలు పడుకుని నెమరువేస్తుంది. తడి పరుపు మీద అది పడుకోవడం బాగా తగ్గిస్తుంది. గుర్రం నిలబడి కునుకు తీయగలదు. కాని గాఢమైన నిద్రలో ఒక భాగానికి అది కొంతసేపైనా పడుకుని తీరాలి. తడి నేల మీద పడుకోవడానికి జంకి, నిద్ర చాలని గుర్రం నిలబడ్డచోటనే తూలుతుంది.

ఏమి పరచాలి?

వరిగడ్డి: మొదటి వరుస దీనిదే. గడ్డి పోచ గుల్లగా ఉంటుంది. సన్నని రంధ్రాలలోనికి నీరు ఎక్కడాన్ని కేశనాళికీయత అంటారు. ఐతే పోచ పైభాగాన మైనపు పొర ఉన్నది. అందుచేత నిండు పోచకన్నా ముక్కలుగా కోసిన గడ్డి త్వరగా నీరు పీలుస్తుంది. పశువులు తిని వదిలిన గడ్డి పరుపుకు చాలు. బూజుపట్టిన గడ్డిని మాత్రం పరచకండి. పశువు పరుపును కూడా తింటుంది. బూజుపట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు, ఆవులకు చెవి కొనలు, తోక, గిట్టల పైభాగం కుళ్ళే "డెగ్నాలా" వ్యాధి వస్తుంది. ఆ బూజు పొడి పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

ఊక: రైసు మిల్లుల దగ్గర కుప్పలుగా దొరుకుతుంది. దాని పైపొరలో సిలికా ఎక్కువ. కనుక నీరు అంతగా పీల్చదు, కిందికి వదులుతుంది. పైపొరగా పరిస్తే పాదానికి పొడిగా తగులుతుంది. దుమ్ము లేకుండా చెరిగి వాడాలి.

వేరుశనగ తొక్క: గడ్డిలాగే బాగా పీలుస్తుంది. తడిస్తే దీనికి ఒక రకం పచ్చని బూజు పడుతుంది. 1960లో ఇంగ్లండులో వేలాది టర్కీ కోళ్ళు చచ్చిపోయినప్పుడు, అవి తిన్న వేరుశనగ పిండిలోని ఈ బూజు విషమే కారణమని తేలింది. కాబట్టి ఎండినదే వాడి, తడిసినది ఆ రోజే తీసివేయాలి.

రంపపు పొట్టు: మెత్తగా ఉండి బాగా పీలుస్తుంది. కాని తడిసిన పొట్టులో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పాడి ఆవు పొదుగు కింద పొట్టుకన్నా గడ్డి మేలు.

కొబ్బరి పొట్టు: పీచు తీయగా మిగిలేది. తన బరువుకు ఎనిమిదింతల దాకా నీరు పట్టగలదు. పీల్చిన నీటిని అంత సులభంగా వదలదు కనుక అడుగు పొరగా వేసి, పైన గడ్డి పరచాలి.

సరుగుడు ఆకు: తీరం వెంట తోపుల కింద పరుపులా రాలి ఉంటుంది. మనం ఆకు అనుకునేది నిజానికి సన్నని రెమ్మ. అసలు ఆకులు దాని కణుపుల వద్ద పొలుసుల్లా ఉంటాయి. ఇది నీరు పెద్దగా పీల్చదు. కాని అణగిపోదు, అంటుకుపోదు. కిందికి నీరు జారనిస్తుంది. గడ్డి కింద పొరగా బాగుంటుంది.

సముద్రపు ఇసుక

ఇసుక తన బరువులో నాలుగో వంతు నీరు కూడా కష్టం మీద పట్టుకుంటుంది. ఐనా మంచి పరుపే. ఎందుచేత? అది పీల్చదు, జారవిడుస్తుంది. పైగా సూక్ష్మజీవులకు అందులో తిండి లేదు.

తీరగ్రామాల్లో ఇసుకకేం కొదవ అనుకుంటారు. కాని కెరటం తాకే చోటి ఇసుక పనికిరాదు. అందులో ఉప్పు ఉంటుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. ఇది గాలిలోని తేమను లాగుకుంటుంది. వానరోజుల్లో ఇంట్లో కల్లుప్పు చెమర్చడం చూడలేదా? ఆ ఇసుక పరిచిన కొట్టం వాన పడకపోయినా చెమరుస్తుంది. వాగు ఇసుక వాడాలి. గుర్రం ఉన్నచోట మేతను ఇసుక మీద వేయకూడదు. మేతతోపాటు ఇసుక మింగితే అది పేగులో చేరి కడుపునొప్పి తెస్తుంది.

ఎలా పరచాలి?

మొదటి పని పరుపు కాదు, నేల. కొట్టం నేల బయటి నేలకన్నా ఒక అడుగైనా ఎత్తుగా ఉండాలి. గరుసు పోసి దిమ్మిస చేయాలి. 40 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు పెట్టాలి. అంటే 2 మీటర్ల పొడవుకు 5 సెంటీమీటర్లు. వాలు చివర కాలువ, కాలువ చివర గుంట. ఇలా సగం మూత్రం పారిపోతే, ఇందాకటి లెక్కలో 5 కిలోల గడ్డి రెండున్నర కిలోలకు దిగుతుంది. తినగా మిగిలిన గడ్డి, దానికి తోడు ఊక సరిపోతాయి.

అడుగున ఇసుక గాని, సరుగుడు ఆకు గాని. మధ్యన పీల్చే వస్తువు. పైన పొడి గడ్డి. ఉదయం పేడ ఎత్తి, తడిసినచోటు మాత్రం తీసి, అక్కడే కొత్తది వేయాలి. మొత్తం కలియబెడితే తడి అంతటా పాకుతుంది. వారానికి ఒకసారి పరుపంతా ఎత్తివేయాలి. వారమే ఎందుకు? వేడి రోజుల్లో ఈగ గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి సుమారు పది రోజులు పడుతుంది. ఏడో రోజున పరుపు ఎత్తి ఎరువు గుంటలో వేసి మట్టి కప్పితే, ఆ పురుగులు రెక్కలు రాకముందే నశిస్తాయి.

సున్నం చల్లవచ్చునా?

"వాసన వస్తోంది, కాస్త సున్నం చల్లండి" అని అనేవారు చాలామంది. తొమ్మిది, పదవ తరగతి విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్రయోగశాలలో అమ్మోనియా ఎలా తయారుచేస్తారు? అమ్మోనియం క్లోరైడును, తడి సున్నాన్ని కలిపి వేడిచేస్తారు. మూత్రంతో తడిసిన పరుపులో అమ్మోనియం లవణాలు ఉంటాయి. దాని మీద సున్నం చల్లితే జరిగేదీ అదే చర్య! ఉన్న అమ్మోనియా అంతా ఒక్కసారి బయటికి వస్తుంది. పొయ్యి బూడిద కూడా క్షారమే, అది కూడా అంతే. పరుపంతా ఎత్తి, నేల కడిగి ఆరిన తరువాత సున్నం చల్లడం మంచిదే, క్రిములు చస్తాయి. తడి పరుపు మీద మాత్రం వద్దు.

దీనికి విరుద్ధమైన గుణం సూపర్ ఫాస్ఫేట్‌కు ఉన్నది. అది అమ్మోనియాను లవణంగా మార్చి పట్టి ఉంచుతుంది. దానిని మూత్రపు కాలువలోను, ఎరువు గుంటలోను చల్లాలి. పశువు నాకేచోట చల్లకూడదు.

బాగా తడిపే గుర్రం

కొన్ని గుర్రాలు తోటి గుర్రాలకన్నా ఎక్కువగా పరుపు తడుపుతాయి. ఉలవలు, పిండి వంటి మాంసకృత్తులు ఎక్కువైన తిండి తింటే యూరియా ఎక్కువగా తయారవుతుంది. దానిని బయటికి పంపడానికి నీరు ఎక్కువ కావాలి. ఉప్పు ఎక్కువైనా అంతే. అటువంటి గుర్రానికి మందంగా పరచి, తడిసిన ముద్దను రోజుకు రెండుసార్లు తీయాలి. నీళ్ళు తగ్గించడం మాత్రం ఎన్నటికీ పరిష్కారం కాదు. నీరు చాలని గుర్రానికి పేగు బిగుసుకుపోతుంది. నిన్నటిదాకా మామూలుగా ఉన్న జంతువు హఠాత్తుగా ఎక్కువ తాగి, ఎక్కువ పోస్తుంటే అది పరుపు సమస్య కాదు, మూత్రపిండాల జబ్బు కావచ్చు. పశువైద్యుణ్ణి పిలవాలి.

పాడైన పరుపు – పసిడి ఎరువు

తీసివేసిన పరుపు చెత్త కాదు. మూత్రంలో నత్రజని సుమారు 1 శాతం అనుకుంటే, రాత్రికి 5 లీటర్ల చొప్పున 90 రోజుల్లో ఒక్క పశువు నుంచి నాలుగున్నర కిలోల నత్రజని వస్తుంది. అంగట్లో యూరియాలో నత్రజని 46 శాతం. అంటే దాదాపు 10 కిలోల యూరియా! అమ్మోనియాగా కొంత ఎగిరిపోయినా, పరుపు పట్టి ఉంచినంత మేరకు రైతుకు మిగులే.

ఇండోరులో 1924 నుంచి 1931 వరకు పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్ ఈ సంగతిని చక్కగా వాడుకున్నాడు. పొలం చెత్తనంతా ముందు ఎద్దుల కింద పరుపుగా పరిచి, మూత్రం ఇంకిన మట్టితోను, పేడతోను కలిపి ఎరువు చేశాడు. అదే "ఇండోర్ పద్ధతి". గడ్డిలో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. మూత్రంలో నత్రజని ఎక్కువ. రెండూ కలిసి కార్బన్ 25, 30 పాళ్ళకు నత్రజని ఒక పాలు అయినప్పుడు సూక్ష్మజీవులు చురుకుగా పనిచేస్తాయి. కుప్ప లోపల వేడి 60 డిగ్రీల దాకా పెరిగి, కలుపు గింజలు, ఈగ పురుగులు చస్తాయి.

మీరే చేసి చూడండి

1. వరిగడ్డి, కోసిన వరిగడ్డి, ఊక, వేరుశనగ తొక్క, సరుగుడు ఆకు, ఇసుక – ఒక్కొక్కటి 100 గ్రాములు తూచి పలుచని గుడ్డలో మూటకట్టండి. రాత్రంతా నీటిలో నానబెట్టి, గంటసేపు వేలాడదీసి మళ్ళీ తూచండి. తడి గుడ్డ బరువు తీసివేయడం మరచిపోకండి. ఏది ఎంత నీరు పట్టింది? ఆ మూటలనే నీడలో ఉంచి, ఏది ముందు ఆరుతుందో కూడా రాయండి. బాగా పీల్చేదే త్వరగా ఆరుతుందా?

2. ఎర్ర లిట్మస్ కాగితాలను తడిపి, తెల్లవారుజామున కొట్టంలో ఒకటి నేలకు జానెడు ఎత్తున, మరొకటి మీ తల ఎత్తున వేలాడదీయండి. ఏది ముందు నీలంగా మారింది? లిట్మస్ లేకపోతే పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితాన్ని తడిపి వాడవచ్చు, అది ఎర్రబారుతుంది.

3. పరుపు మార్చిన రోజున, మార్చిన వారం తరువాత ఇదే పరీక్ష చేసి పోల్చండి. నీలంగా మారడానికి పట్టిన నిమిషాలను పట్టికలో రాయండి.

ఈ పట్టికను ఇంట్లో పెద్దవారికి చూపండి. ఏ మూలన వాలు చాలదో, ఏ రోజున పరుపు మార్చాలో ఆ కాగితం ముక్క చెబుతుంది. అక్టోబరులో మొదటి వాన పడేలోగా ఊక బస్తాలు, వాగు ఇసుక కొట్టం పక్కన చేరితే, డిసెంబరు దాటేదాకా పశువు కుంటకుండా నడుస్తుంది.